రెండో పిల్లి ఎవరికి తోడు?

ఇంట్లోకి పిల్లి వచ్చిన ఏడాదికల్లా ఒక మాట మొదలవుతుంది. "పాపం, ఒక్కటే ఉంటోంది. దీనికో తోడు తెస్తే బాగుండు." ఈ మాట అనేది పొద్దున తొమ్మిదింటికి తాళం వేసి వెళ్లి రాత్రి ఎనిమిదింటికి తాళం తీసే మనిషి. పిల్లి మాత్రం ఏమీ అనదు. రోజుకు 12 నుంచి 16 గంటలు నిద్రపోయే జీవికి మన ఆఫీసు వేళలు ఇట్టే గడిచిపోతాయి. ఇంట్లో ఎవరూ లేరన్న దిగులు చాలావరకు మనది. దాన్ని తీసుకెళ్లి పిల్లి ఖాతాలో రాస్తున్నాం.

నా తీర్పు ముందే చెప్పేస్తాను. రెండో పిల్లి కావాలనిపిస్తే తెచ్చుకోండి, కానీ మీ ముచ్చట కోసమే తెచ్చుకుంటున్నామని ఒప్పుకుని తెచ్చుకోండి. మొదటిదాని పేరు చెప్పి మాత్రం వద్దు. దాన్ని అడిగే వీలుంటే చాలా ఇళ్లలో అది వద్దనే అంటుంది.

కారణం దాని పుట్టుకలోనే ఉంది. ఇంటి పిల్లికి పూర్వీకుడు ఆఫ్రికాలో, పశ్చిమాసియాలో తిరిగే అడవి పిల్లి. తోడేళ్లలా గుంపుగా వేటాడే జాతి కాదది. ఒక చిట్టెలుకను ఇద్దరు పంచుకుంటే ఇద్దరికీ కడుపు నిండదు కాబట్టి ఒంటరిగానే వేటాడేది, తన హద్దులో ఇంకొకదాన్ని రానిచ్చేది కాదు. మనిషి ధాన్యం నిలవ చెయ్యడం మొదలుపెట్టాక ఎలుకలు వచ్చాయి, ఎలుకల వెనకాలే ఇది వచ్చింది. సైప్రస్‌లో సుమారు 9,500 ఏళ్ల కిందటి సమాధిలో మనిషి పక్కనే ఒక పిల్లిని కూడా పూడ్చిపెట్టినట్టు 2004లో పురావస్తు శాస్త్రవేత్తలు ప్రకటించారు. అంత పాత చుట్టరికం మనది. కానీ ఆ చుట్టరికం మనిషితో. సాటి పిల్లులతో దానికి కుదిరిన పొత్తు చాలా చిన్నది. తిండి పుష్కలంగా దొరికే చేపల మార్కెట్ దగ్గరో, రేవు దగ్గరో పిల్లులు గుంపుగా కనిపిస్తే వాటిలో ఎక్కువగా తల్లి, కూతుళ్లు, అక్కచెల్లెళ్లే ఉంటాయి. బయటినుంచి వచ్చిన కొత్తదాన్ని తరిమేస్తాయి. బ్రిటన్‌లో పిల్లుల నడవడి మీద ఎన్నో ఏళ్లు పరిశోధించిన జాన్ బ్రాడ్‌షా, పిల్లి ఇంకా పూర్తిగా ఇంటి జంతువు కాలేదనే అంటారు.

మరి మా అమ్మమ్మ ఇంట్లో మూడు పిల్లులుండేవి కదా అని మీరు అనొచ్చు. ఉండేవి. వాటిని ఎవరూ తేలేదు, అవే వచ్చాయి. అటక ఒకదానిది, గడ్డివాము ఇంకొకదానిది, మూడోది వంటింటి గుమ్మం దగ్గర. పొసగకపోతే ఒకటి గోడ దూకి పక్క వీధికి పోయేది, నాలుగు రోజుల తర్వాత ఏమీ జరగనట్టు తిరిగొచ్చేది. అంతమందిని కలిపి ఉంచింది స్నేహం కాదు, దూకిపోవడానికి ఒక గోడ ఉండటం. ఎలుకల బెడద తగ్గడానికి రాయలవారు ఇంటికో పిల్లిని, దాని పాలకు ఒక ఆవును ఇచ్చారని తెనాలి రామకృష్ణుడి కథ. ఆ కథలో కూడా ఇంటికి ఒకటే! రెండేసి ఇవ్వాలని కృష్ణదేవరాయలంతటి వాడికే తోచలేదు.

ఇప్పటి ఫ్లాట్‌లో ఆ గోడ లేదు. వెయ్యి చదరపు అడుగులు, తలుపులు మూసి, బాల్కనీకి పావురాల నెట్ కట్టి ఉంటాయి. మా అక్క కూతురు కొండాపూర్‌లో ఇలాంటి ఇంట్లోనే ఉంటుంది. ఆ మధ్య ఫోన్ చేసి, "పిన్నీ, మా బుజ్జికి ఒక తమ్ముణ్ణి తెద్దామనుకుంటున్నా" అంది.

"తెద్దువుగానిలే. ముందు వాడి ఇసుక తొట్టె ఎక్కడ పెడతావో చెప్పు."

"ఉన్నదే ఇద్దరూ వాడుకోరా?"

వాడుకోరు. ఎన్ని పిల్లులుంటే అంతకు ఒకటి ఎక్కువ తొట్టెలు ఉండాలన్నది పిల్లుల డాక్టర్లు చెప్పే లెక్క. రెండింటికి మూడు. పోనీ మూడూ యుటిలిటీలో వరసగా పెట్టేద్దామంటే అది పిల్లి కళ్లకు ఒకటే తొట్టె, ఎందుకంటే ఆ దారికి అడ్డంగా ఒకటి కూర్చుంటే రెండోదానికి మూడూ లేనట్టే. మూడోది హాల్లో పెట్టాలి. "అమ్మ వచ్చినప్పుడు ఆ సంగతి నువ్వే చెప్పుకో" అన్నాను. అటునుంచి కాసేపు మాట లేదు. మా అక్క మడి సంగతి దానికి తెలుసు.

దారికి అడ్డంగా కూర్చోవడం అన్నాను కదా, అసలు గొడవంతా అక్కడే ఉంది. పిల్లుల యుద్ధం అంటే అరుపులు, బొచ్చు ఎగరడం అనుకుంటాం. చాలా ఇళ్లలో అవేవీ ఉండవు. ఒకటి నడవాలో తీరిగ్గా కూర్చుని రెండోదాని వైపు రెప్ప వెయ్యకుండా చూస్తుంది, అంతే. రెండోది తిండి గిన్నె దాకా రావడం మానేస్తుంది, మంచం కింద కాపురం పెడుతుంది, ఒక్కచోటే బొచ్చు ఊడేదాకా నాక్కుంటుంది, మూత్రం బిగబట్టుకుంటుంది. చివరికి పరుపు మీద పోస్తుంది. "ఎంత బుద్ధిగా ఉన్నాయో, ఒక్కసారి కూడా కొట్టుకోలేదు" అని ఇంటివాళ్లు మురిసిపోతుంటారు. ఈ ఒత్తిడికి మూత్రాశయం వాపు రావడం డాక్టర్లకు బాగా తెలిసిన జబ్బు. మగపిల్లికైతే మూత్రనాళం మూసుకుపోవచ్చు. మాటిమాటికీ తొట్టెలో కూర్చుని ముక్కుతూ చుక్క కూడా పొయ్యకపోతే తెల్లారేదాకా ఆగకండి. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది.

అయితే రెండు పిల్లులు హాయిగా ఉండే ఇళ్లు లేవా? బోలెడు. ఒకే ఈత కూనల్ని రెంటినీ ఒకేసారి తెచ్చుకున్న ఇళ్లలో చూడండి, ఒకదాని మెడ మీద ఒకటి తల పెట్టుకుని పడుకుంటాయి. రెండు కావాలని ముందే అనిపిస్తే అదే మంచి దారి. అలాగే ఏడాది నిండని కుర్రపిల్లి, మీరు నడుస్తుంటే మడమలు పట్టుకుని, కర్టెన్లెక్కి, అర్ధరాత్రి మీ మొహం మీద దూకుతుంటే దానికి ఈడైన జత నిజంగానే మేలు చెయ్యొచ్చు. తల్లి దగ్గర, తోబుట్టువుల మధ్య రెండు నెలలైనా పెరిగిన కూనకు సాటి పిల్లితో ఎలా మెలగాలో, ఎంత గట్టిగా కొరకొచ్చో తెలుస్తుంది. పుట్టిన వారానికే తల్లిని పోగొట్టుకుని పాలసీసాతో మన ఒళ్లో పెరిగినదానికి ఆ మర్యాదలు నేర్పినవాళ్లు లేరు. ఇక పన్నెండేళ్ల ముసలి పిల్లి, కీళ్ల నొప్పులతో కిటికీ అరుగు కూడా ఎక్కలేకపోతుంటే, దానికి "హుషారు వస్తుందని" రెండు నెలల కూనను తెచ్చి మీద వదలడం నాకు శుద్ధ క్రూరత్వంగా కనిపిస్తుంది. జంటలో ఒకటి పోయినప్పుడు వారం తిరక్కుండా ఇంకొకదాన్ని తేవడం కూడా అలాంటిదే. మిగిలినదాన్ని కొన్నాళ్లు దాని మానాన ఉండనివ్వండి. అప్పటిదాకా మంచం కింద ఉన్నది, రెండోది పోయాక హాల్లోకొచ్చి కాళ్లు చాపుకుని పడుకుంటే మనకు చివుక్కుమనొచ్చు, కానీ అదీ ఒక జవాబే.

తెచ్చే విధానంలో మనవాళ్ల పద్ధతి ఒకటుంది. హాలు మధ్యలో బుట్ట పెట్టి, మూత తీసి, చుట్టూ ఫోన్లు పట్టుకుని నిలబడటం. మీరు ఆఫీసు నుంచి వచ్చేసరికి ముక్కూ మొహం తెలియని మనిషి మీ లుంగీ కట్టుకుని మీ మంచం మీద కూర్చుని, "ఇకనుంచి ఇక్కడే ఉంటాను" అంటే ఎలా ఉంటుందో పాతపిల్లికి అలా ఉంటుంది. కొత్తదాన్ని కనీసం రెండు వారాలు వేరే గదిలో ఉంచాలి. ఇది సగం మర్యాద కోసం, సగం ఆరోగ్యం కోసం. ఈలోపు డాక్టరుకు చూపించి నులిపురుగుల మందు, టీకాలు మొదలుపెట్టాలి, ల్యుకేమియా వైరస్‌కూ ఎఫ్ఐవీకీ రక్తపరీక్ష చేయించాలి. పాన్‌ల్యుకోపీనియా అనే జబ్బు కూనల్ని రెండు మూడు రోజుల్లో చంపేస్తుంది. దాని వైరస్ ఇంట్లో ఏడాది దాకా బతికుండగలదు, మామూలు ఫినాయిల్‌కు లొంగదు, బ్లీచింగ్‌కు లొంగుతుంది. ఆ జబ్బుతో పిల్లి పోయిన ఇంట్లోకి టీకా పడని కూనను తేవడం తెలిసి చేసే హత్యే.

పిల్లికి పరిచయం ముందు ముక్కుతోనే జరగాలి. ఒకదాని బుగ్గలు తుడిచిన గుడ్డ రెండోది పడుకునే చోట వెయ్యాలి. మూసిన తలుపుకు అటొక గిన్నె, ఇటొక గిన్నె పెట్టి, అవతలి వాసన వచ్చినప్పుడల్లా మంచి తిండి దొరుకుతుందని వాటికి అలవాటు చెయ్యాలి. తర్వాత తలుపు వేలెడంత, తర్వాత జానెడంత. కొన్నింటికి వారాలు, కొన్నింటికి నెలలు. ఓపిక లేనివాళ్లు ఇక్కడే చెడగొట్టుకుంటారు. ఒకవేళ కలబడితే మధ్యలో చెయ్యి పెట్టొద్దు, దుప్పటో అట్టముక్కో అడ్డం పెట్టండి. పిల్లి కరిచినా రేబిస్ ఇంజెక్షన్లు తప్పవు. ప్రభుత్వాసుపత్రి చుట్టూ 0, 3, 7, 28 రోజుల లెక్కన తిరగాలి.

ఖర్చు గురించి ఎక్కువ చెప్పను, రెట్టింపు అనుకుంటే సరిపోతుంది. ఒక్క మాట మాత్రం చెప్పాలి. "మా ఊళ్లో పిల్లులు పెరుగన్నంతో పెరిగాయి, దీనికి డబ్బాల తిండి ఎందుకు" అనే పెద్దలు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. ఆ పిల్లులకు పెరుగన్నం నంజుకోవడానికి మాత్రమే, అసలు భోజనం ఎలుకలు, తొండలు, పిచ్చుకలు. మాంసంలో ఉండే టారిన్ అనే పదార్థం చాలకపోతే పిల్లి గుండె దెబ్బతింటుందని 1987లో కాలిఫోర్నియా పరిశోధకులు తేల్చారు. అయిదో అంతస్తులో ఎలుకల్లేవు కాబట్టి ఆ మాంసం మనమే కొనాలి.

డబ్బుకన్నా గట్టి పరీక్ష సంక్రాంతి. హైదరాబాద్ సగం ఖాళీ అయ్యే ఆ అయిదు రోజులు మీ రెండు పిల్లులు ఎక్కడుంటాయి? ఒకటైతే పక్కింటివాళ్లు పూటకోసారి వచ్చి గిన్నె నింపుతారు, లేదా మీరే బుట్టలో పెట్టుకుని వెంట తీసుకెళ్తారు. రెండుంటే పక్కింటివాళ్ల నవ్వు మారుతుంది. ఇంటి ఓనరుదీ అదే వరస, ఒకదాన్ని చూసీచూడనట్టు ఊరుకున్నవాడు రెండోదానికి వాసనొస్తోందంటాడు. ఇంట్లో పెరిగే పిల్లి పదిహేనేళ్లు బతుకుతుంది. పాతికేళ్ల పిల్ల ఇవాళ కూనను తెస్తే అది పోయేనాటికి తనకు నలభై. ఈ మధ్యలో పెళ్లి, ఆన్‌సైట్, పిల్లలు అన్నీ వస్తాయి. నెల తప్పగానే "ముందు ఆ పిల్లుల్ని పంపించెయ్యి" అనే అత్తగారు కూడా వస్తారు. టాక్సోప్లాస్మా భయం పూర్తిగా ఉత్తిది కాదు, కానీ పిల్లి మలంలోని ఆ క్రిమి అంటుకునే దశకు రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది కాబట్టి తొట్టెను భర్త రోజూ శుభ్రం చేస్తే ఆ దారి దాదాపు మూసుకుపోతుంది. సరిగ్గా ఉడకని మాంసం, కడగని ఆకుకూరల మీద ఆ అత్తగార్లకు ఇంత పట్టుదల ఉండదెందుకో. పంపించెయ్యడం అంటే ఎక్కడో వదిలెయ్యడమే. తిండీ నీళ్లూ దొరకని స్థితిలో జంతువును వదిలేస్తే 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం. మొదటిసారికి జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయల దాకా. ఆ మొత్తానికి ఇప్పుడు క్యాట్‌ఫుడ్ పొట్లం కూడా కష్టమే.

నిజానికి మన ఊళ్లలో రెండో పిల్లి ఇంత ఆలోచించి రాదు. వానపడే రాత్రి బండి కింద పిడికెడంత కూన మ్యావుమంటుంది, తువ్వాలులో చుట్టి పైకి తెస్తారు, తెల్లారేసరికి దానికి పేరు పెట్టేస్తారు. మెచ్చుకోవలసిన పనే, కానీ రెండు జాగ్రత్తలు. పిల్లి తన కూనల్ని ఏడిళ్లు తిప్పుతుందంటారు కదా, మీకు కనిపించింది అనాథ కాకపోవచ్చు, మిగతావాటిని చేరవేసి దీనికోసం తల్లి వస్తూ ఉండొచ్చు. కూన పొడిగా, చురుగ్గా ఉంటే దూరంగా నిలబడి కొన్ని గంటలు చూడండి. తల్లి రాకపోతే తీసుకురండి, కానీ బాత్రూమ్ తలుపు వేసి ఉంచండి, పాతపిల్లికి చూపించొద్దు. పెంచుకునేవాళ్లు దొరికేదాకా అనుకుంటే ఎన్నాళ్లో ఆ రోజే ఇంట్లో అందరి ముందు చెప్పండి. గడువు లేని "తాత్కాలికం"తోనే ఇళ్లలో పిల్లులు అయిదవుతాయి.

మా అక్క కూతురు ఇంకా తేల్చుకోలేదు. దానికి నేనిచ్చిన సలహానే మీకూ ఇస్తాను. మీ సెల్లార్‌లో ఒక ఆడపిల్లి తిరుగుతూ ఉంటుంది, మీకు తెలిసే ఉంటుంది. నాలుగైదు నెలల వయసుకే అది చూలు కట్టగలదు, తొమ్మిది వారాల్లో ఈనుతుంది, పాలిస్తూనే మళ్లీ కట్టగలదు. రెండో పిల్లికి మొదటి రెండు మూడు నెలలు పెట్టేద్దామనుకున్న డబ్బుతో దానికి ఆపరేషన్ చేయించండి. గుర్తుకు చెవి కొన కొంచెం కత్తిరించమనండి, ఇంకెవరో మళ్లీ పట్టుకెళ్లకుండా. పుండు మానాక తెచ్చి దాని చోట దాన్ని వదిలి, రోజూ పూటకింత తిండి పెట్టండి. ఇంట్లో ఉన్నదానితో సాయంత్రం పావుగంట తాడు పట్టుకుని ఆడండి. ఆ తర్వాత కూడా రెండోది కావాలనిపిస్తే, మూడు తొట్టెలకు చోటు, సంక్రాంతికి మనిషి, పదిహేనేళ్లకు మాట, ఈ మూడూ చూసుకుని అప్పుడు వెళ్లి తెచ్చుకోండి.