మార్కుల్లేని సబ్జెక్టు చెప్పిన మాస్టారు

బడి టైంటేబుల్లో అన్నిటికంటే తేలిగ్గా ఎగిరిపోయేది ఆటల పీరియడు. లెక్కల సిలబస్ మిగిలిపోయినా, పరీక్షలు దగ్గరపడినా, సైన్సు మాస్టారికి రికార్డులు దిద్దాల్సి వచ్చినా మొదటి వేటు దానిమీదే. ఆ పీరియడు నడిపే డ్రిల్లు మాస్టారు అందరికీ గుర్తొచ్చేది ఆగస్టు పదిహేనుకీ, జనవరి ఇరవయ్యారుకీ. ఆయన చెప్పే సబ్జెక్టుకి ర్యాంకుల్లేవు, ట్యూషన్లు లేవు. పదో తరగతి ఫలితాలొచ్చిన రోజు ఎవరూ స్వీటు ప్యాకెట్టు పట్టుకుని ఆయన దగ్గరికి పరుగెత్తరు.

అలాంటి మాస్టార్లలో ఒకరు అమలాపురానికి చెందిన రంకిరెడ్డి కాశీ విశ్వనాథం. స్వయంగా రాష్ట్రస్థాయి బ్యాడ్మింటన్ ఆటగాడు. వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యారు. కోనసీమ దాటి ఆయన పేరు చాలామంది విన్నది మాత్రం 2025 ఫిబ్రవరి 20న. ఆ ఉదయం ఆయన గుండెపోటుతో కన్నుమూశారు. కొడుకు సాత్విక్ సాయిరాజ్ ఖేల్‌రత్న అందుకుంటుంటే చూడాలని ఢిల్లీ ప్రయాణం పెట్టుకున్న తండ్రి, ఆ వేడుక చూడకుండానే వెళ్లిపోయారు.

గోదావరి జిల్లాల్లో బ్యాడ్మింటన్ అంటే పాతతరానికి ముందు గుర్తొచ్చేది బాల్ బ్యాడ్మింటన్. పసుపుపచ్చ ఉన్ని బంతి, జట్టుకి అయిదుగురు, సాయంకాలం ఊరి మైదానం. ఆ బంతి బరువు 27 నుంచి 30 గ్రాములు. గాలి కాస్త గట్టిగా వీచినా ఆట సాగుతుంది. షటిల్ సంగతి వేరు. పదహారు ఈకలు గుచ్చిన కాక్ బరువు అయిదున్నర గ్రాములు దాటదు. సముద్రపు గాలి తగిలే కోనసీమలో దాన్ని ఆరుబయట ఆడితే, కొట్టినచోటికి కాక గాలి తీసుకెళ్లిన చోటికి పోతుంది. నాలుగు గోడలు, ఎత్తయిన పైకప్పు, మంచి లైట్లు ఉంటేనే అసలైన షటిల్. చిన్న ఊళ్లలో ఆ వసతి ఎన్నిచోట్ల దొరుకుతుంది? అందుకే ఇలాంటి ఊళ్లనుంచి ఒక కుర్రాడు పైకొచ్చాడంటే, ఇంట్లోనో బడిలోనో పట్టుబట్టి ఆడించినవాళ్లు ఒకరుండాలి.

సాత్విక్‌కి ఆ మనిషి ఇంట్లోనే దొరికారు. 2000 ఆగస్టు 13న పుట్టిన ఈ పిల్లాడు, నాన్న ఆడుతుంటే, అన్నయ్య ఆడుతుంటే చూసి రాకెట్ పట్టాడు. తొలి పాఠాలు నాన్న దగ్గరే.

తండ్రీ కోచ్ ఒకరే అయిన ఇంట్లో ఒక చిక్కుంటుంది. కొడుకు బాగా ఆడుతున్నకొద్దీ వాణ్ణి వదల్లేకపోవడం. నేర్పడం ఎంత కష్టమో, మన దగ్గరి పాఠం అయిపోయిందని గుర్తించడం అంతకంటే కష్టం. ఈ ఇంట్లో ఆ గుర్తింపు వేళకి వచ్చింది. 2014లో, పదమూడు పద్నాలుగేళ్ల వయసులో, సాత్విక్ హైదరాబాద్‌లోని పుల్లెల గోపీచంద్ అకాడమీలో చేరాడు.

అక్కడినుంచి ఒక చేతిలోంచి ఇంకో చేతికి. 2016లో మలేసియా కోచ్ టాన్ కిమ్ హెర్, సాత్విక్‌నీ ముంబై కుర్రాడు చిరాగ్ శెట్టినీ ఒక జోడీగా కలిపారు. అప్పటికి మన దేశంలో సైనా, సింధు, శ్రీకాంత్‌ల సింగిల్స్ మీద ఉన్న మోజు పురుషుల డబుల్స్ మీద లేదు. పైగా ఒకరిది కోనసీమ తెలుగు, మరొకరిది ముంబై. తర్వాత డెన్మార్క్ డబుల్స్ దిగ్గజం మథియస్ బో వీళ్లకి మెరుగులు దిద్దారు.

ఫలితాలు ఒక్కరోజులో రాలేదు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో తమ గ్రూపులో మూడింట రెండు మ్యాచ్‌లు గెలిచి కూడా క్వార్టర్ ఫైనల్ చేరలేకపోయారు. వాళ్లు ఓడించిన తైవాన్ జోడీయే చివరికి స్వర్ణం పట్టుకుపోయింది! అలాంటి దెబ్బ తగిలాక కుంగిపోవడం తేలిక. వీళ్లు కుంగిపోలేదు. 2022 మేలో బ్యాంకాక్‌లో ఇండోనేసియాని 3-0తో ఓడించి భారత్ తొలిసారి థామస్ కప్ గెలిచినప్పుడు, ఆ మూడు విజయాల్లో ఒకటి ఈ జోడీది. అదే ఏడాది కామన్వెల్త్ స్వర్ణం. 2023 అక్టోబరులో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో స్వర్ణం. ఆసియా క్రీడల బ్యాడ్మింటన్‌లో మన దేశానికి అదే మొదటి బంగారం. ఆ వెంటనే ప్రపంచ నంబర్ వన్ ర్యాంకు. 2023 సంవత్సరానికి ఖేల్‌రత్న కూడా ఈ ఇద్దరికే.

ఇంకో ముచ్చట. 2023 ఏప్రిల్‌లో జపాన్‌లో కొలిచినప్పుడు సాత్విక్ స్మాష్ గంటకు 565 కిలోమీటర్ల వేగంతో దూసుకెళ్లింది. పదేళ్లుగా నిలిచిన 493 కిలోమీటర్ల గిన్నిస్ రికార్డు చెరిగిపోయింది. రికార్డు పుస్తకంలో ఆటగాడి పేరే ఉంటుంది. తొలిసారి రాకెట్ ఎలా పట్టుకోవాలో చూపించినవారి పేరుకి అందులో చోటుండదు.

తెలుగునేలకి బడి మాస్టారే కోచ్ కావడం కొత్తేమీ కాదు. భారత ఫుట్‌బాల్ జట్టుని 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలదాకా నడిపిన హైదరాబాద్ రహీమ్ సాబ్ కూడా ఉపాధ్యాయుడే. దేశం మెచ్చిన జట్టుని తీర్చిదిద్దడం ఆయన వంతయింది. కాశీ విశ్వనాథం మాస్టారి వంతు అంతకంటే ముందుమెట్టు. ఆ మెట్టు మీద కెమెరాలుండవు, ప్రైజ్‌మనీ ఉండదు. తెల్లారకముందే పిల్లల్ని లేపి కోర్టుకి తీసుకెళ్లేవాళ్లు, తెగిన తీగలు బిగించి ఇచ్చేవాళ్లు, ఓడి ఇంటికొచ్చిన పిల్లాడికి ముందు అన్నం పెట్టి తర్వాత తప్పు చెప్పేవాళ్లు నిలబడే మెట్టు అది.

ప్రతి కుర్రాడూ సాత్విక్ కాలేడు, కానక్కర్లేదు కూడా. అయినా ఓడినా రేపు మళ్లీ రావాలనీ, పక్కనున్నవాడు తప్పు కొడితే విసుక్కోకుండా ఆ పాయింటు కాచుకోవాలనీ నేర్పే పాఠం అందరికీ కావాలి. ఈసారి పేరెంట్స్ మీటింగుకి వెళ్లినప్పుడు లెక్కల మాస్టారి దగ్గర క్యూలో నిలబడ్డాక, మైదానం వైపు కూడా ఓసారి నడవండి. విజిల్ మెడలో వేసుకుని అక్కడో మాస్టారుంటారు. మా పిల్లాడు ఎలా ఆడుతున్నాడండీ అని అడగండి. బహుశా ఆ ప్రశ్న ఆయన్ని అడిగే మొదటి తల్లిదండ్రులు మీరే కావచ్చు.