తెలిసీ తాగించిన నీళ్లు

అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో, నెల్లూరు జిల్లా పల్లెల్లో నడుము వంగని, మెడ తిరగని మనుషుల్ని షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు పరీక్షించారు. తాగే నీళ్లలోని ఫ్లోరైడే దీనికి కారణమని 1937లో వైద్య పత్రికలో రాశారు. స్వాతంత్ర్యం రావడానికి పదేళ్ల ముందు మాట ఇది. అంటే స్వతంత్ర దేశంలో ప్రమాణం చేసి కుర్చీ ఎక్కిన ప్రతి మంత్రికీ, ఫైలు మీద సంతకం పెట్టిన ప్రతి అధికారికీ ఈ జబ్బు ఎక్కణ్నుంచి వస్తుందో తెలుసుకునే వీలుంది. కాబట్టి "మాకు తెలియదు" అనే మాట ఎవరూ నా ముందు అనకండి.

ఈ జబ్బు పేరు ఫ్లోరోసిస్. ఒకసారి ఎముకలోకి దిగాక వెనక్కి తెచ్చే మందు లేదు. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్‌ను ఏళ్ల తరబడి తాగితే ముందు పిల్లల పళ్ల మీద గోధుమరంగు మచ్చలు పడతాయి. తర్వాత వెన్నెముక చుట్టూ ఎముకల్ని కలిపే బంధనాలు సున్నం పట్టి బిగుసుకుపోతాయి. ముప్పై, నలభై ఏళ్లకే మనిషి కర్ర పట్టుకుంటాడు, ఆ తర్వాత మంచం పడతాడు. నీళ్లు కాచి తాగమని చెప్పడం ఇక్కడ అపకారం. కాచేకొద్దీ నీరు తగ్గి ఫ్లోరైడ్ చిక్కబడుతుంది. మరో చోటి నుంచి మంచినీళ్లు తెచ్చి ఇవ్వాలి, లేదా ఉన్న నీళ్ల నుంచి ఫ్లోరైడ్ తీసేసి ఇవ్వాలి. ఈ రెండూ ఒంటరి మనిషి చేసుకునే పనులు కావు.

నల్లగొండ సంగతి చూడండి. అక్కడి గ్రానైట్ రాతి నుంచి ఫ్లోరైడ్ నీళ్లలోకి దిగుతుంది. చేదబావులు ఎండిపోయి జనం బోర్లు దింపారు, రాతి పగుళ్లలోని నీళ్లు పైకి తోడుకున్నారు. మోకాళ్లు ఒరుసుకునేలా కాళ్లు వంకరపోయిన కుర్రవాళ్ల గురించి హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1973లో లాన్సెట్ పత్రికలో రాశారు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ 'నీరి' ఆ దశకంలోనే తయారుచేసి, దానికి నల్లగొండ పద్ధతి అని పేరు పెట్టింది. పద్ధతికి జిల్లా పేరు దక్కింది, జిల్లాకు నీళ్లు దక్కలేదు. రోజూ కొలత ప్రకారం పటిక కలిపే మనిషిని, అడుగున పేరుకున్న మడ్డిని తీసే మనిషిని నియమించి జీతమిచ్చే బాధ్యత ఎవరు తీసుకున్నారు?

అదే జిల్లాలో కృష్ణా నది మీద నాగార్జునసాగర్ ఉంది. 1967లో దాని కాలువలకు నీళ్లు వదిలారు. ఫ్లోరైడ్ బాధ ఉన్న మర్రిగూడ, మునుగోడు వైపు నేల ఎత్తని, కృష్ణ అక్కడికి ఎక్కదని చెప్పారు. మరి 2004లో హైదరాబాదుకు అవే నీళ్లు మోటార్లతో ఎత్తిపోసి, అదే జిల్లా మీదుగా పైపుల్లో తీసుకెళ్లినప్పుడు కృష్ణ ఎలా ఎక్కింది? నగరానికి డబ్బుంది, గొంతుంది. దారిలో కొన్ని ఊళ్లకు కొంత దక్కింది. ఇంటింటికీ కుళాయి మాట 2016లో మిషన్ భగీరథ మొదలయ్యేదాకా ఆగింది. మొదటి పరిశోధనకూ దీనికీ నడుమ 79 ఏళ్లు.

ఈ మధ్యలో జనం చేతులు కట్టుకుని కూర్చోలేదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో దుశర్ల సత్యనారాయణ నాయకత్వంలోని జల సాధన సమితి నల్లగొండలో వందల నామినేషన్లు వేయించింది. బరిలో 480 మంది నిలిచారు, బ్యాలెట్ పుస్తకమంత అయింది, పోలింగే వాయిదా పడింది. గుక్కెడు మంచినీళ్ల కోసం ఎన్నికల యంత్రాంగాన్నే ఆపాల్సి వచ్చింది. దీన్ని వింతగా చెప్పుకుని నవ్వుకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

మరోపక్క టీవీ పెడితే ఆరోగ్యకర జీవనం మీద ఉపన్యాసాలు. పొద్దున్నే నడవండి, కొర్రలు తినండి, ఉప్పు తగ్గించండి. ఆ సలహాలు తప్పని అనను. చింతపండు తింటే ఫ్లోరైడ్ మూత్రంలో ఎక్కువగా పోతుందని పోషకాహార సంస్థ పరిశోధకులే చూపించారు, అదీ మంచి పనే. కానీ బోరు నీళ్లను అలాగే వదిలేసి చింతపులుసు తినమని చెప్పే ప్రభుత్వం తన పనిని పేదరాలి పొయ్యి మీదికి నెట్టేస్తోంది. వ్యాధి నివారణ అంటే జనానికి బుద్ధులు చెప్పడమని ఎవరు నేర్పారు మనకు?

ఇక ప్రకాశం వైపు. షార్ట్ బృందం నెల్లూరు జిల్లాలో తిరిగిన పల్లెల్లో కొన్ని తర్వాత ప్రకాశం జిల్లాలోకి వెళ్లాయి. కనిగిరి వైపు ఫ్లోరైడ్ బాధ నేటికీ తీరలేదు. ఆ మెట్ట ప్రాంతానికి కృష్ణా నీళ్లు తెస్తామన్న వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన చేశారు. సొరంగాలు జాతికి అంకితమని 2024 మార్చిలో సభ పెట్టారు. శంకుస్థాపన నాడు పుట్టిన బిడ్డ ఈ సభనాటికి పెరిగి తల్లో, తండ్రో అయ్యే వయసుకు వచ్చింది.

తెలంగాణలో ఫ్లోరైడ్ పోయిందని ప్రకటనలు వచ్చాయి. నిజమైతే నాకంటే సంతోషించేవాళ్లు ఉండరు. అయితే పైపు వేసిన కిలోమీటర్లు నాకు రుజువు కావు. పైపు పగిలినా, మోటారు కాలినా పల్లె మళ్లీ బోరు దగ్గరికే వెళుతుంది. ముందరి శాశ్వత పళ్ల పైపొర పుట్టిన మొదటి కొన్నేళ్లలోనే తయారవుతుంది. ఆ ఏళ్లలో తాగిన నీటి జాడ ఆరేడేళ్ల వయసులో పన్ను వచ్చాక బయటపడుతుంది. మిషన్ భగీరథ మొదలయ్యాక, 2018లో పుట్టిన పిల్లలకు ఆ పళ్లు వచ్చే వయసు వచ్చింది. ప్రతి బడిలో దంతవైద్యులు ఆ పిల్లల్ని పరీక్షించాలి. లెక్కను మండలం వారీగా, బడి వారీగా అచ్చువేయాలి. ప్రతి బోరు మీద ఫ్లోరైడ్ ఎంతో, ఎప్పుడు కొలిచారో రంగుతో రాయాలి. మచ్చలున్న పిల్లలు ఏ ఊళ్లో తేలితే, ఆ ఊరి కుళాయి ఎన్ని రోజులు ఎండిందో, ఎందుకు ఎండిందో, నీటి శాఖ అధికారి గ్రామసభకు వచ్చి తల్లుల ముందు నిలబడి చెప్పాలి.