లూపు ఎలా తిరుగుతుందో మేం చెప్పలేదు

ఇంజినీరింగ్ మొదటి సంవత్సరానికి సీ లాంగ్వేజీ చెప్పే మా అందరి గురించీ రాస్తున్నాను. ఏటా మా క్లాసుల్లోకి వచ్చే పిల్లల్లో చాలామంది అంతకుముందు ఒక్క లైను ప్రోగ్రాము కూడా రాసినవాళ్లు కారు. ఇంటర్‌లో రెండేళ్లపాటు లెక్కలు, ఫిజిక్సు, కెమిస్ట్రీ తప్ప వేరే ధ్యాస లేకుండా చదివి వస్తారు. వాళ్లకి ఇఫ్, స్విచ్, వైల్, ఫర్ అర్థమయ్యేలా చెప్పడం మా ఉద్యోగం. ఆ పని మేం చెయ్యలేదు. చేసినట్టు చూపించడానికి రికార్డులున్నాయి, సంతకాలున్నాయి, పాస్ పర్సంటేజీలున్నాయి.

చెప్పాల్సింది కొండంత కూడా కాదు. కొరాడో బోమ్, జుసెప్పే యాకోపీనీ అనే ఇద్దరు ఇటలీ శాస్త్రజ్ఞులు 1966లోనే తేల్చారు: పనులు వరసగా చెయ్యడం, షరతును బట్టి ఒక దారి ఎంచుకోవడం, షరతు నిలిచినంతసేపు తిరిగి చెయ్యడం. ఈ మూడింటితో ఏ ప్రోగ్రామైనా కట్టొచ్చు. రెండేళ్ల తర్వాత, ప్రోగ్రాములో ఒక చోటి నుంచి ఇంకో చోటికి దూకించే గోటూ వాడకం ఎందుకు ప్రమాదమో కంప్యూటర్ శాస్త్రజ్ఞుడు డైక్‌స్ట్రా రాసిన ఉత్తరం అచ్చయింది. ప్రోగ్రాము కాగితం మీద ఒకలా, నడిచేటప్పుడు ఇంకోలా ఉంటే మనిషి బుర్రకి అందదని ఆయన బాధ. మేం ఆ ఉత్తరాన్ని రెండు మార్కుల ప్రశ్నగా మార్చాం. అందులోని అసలు సంగతి, అంటే ప్రోగ్రాము నడకని మనసులో చూడగలగడం, పిల్లలకి అందించలేదు.

మా బోధన ఎలా సాగిందో ఉన్నదున్నట్టు చెప్తాను. బోర్డు మీద సింటాక్స్ రాస్తాం. పక్కన ఫ్లోచార్టు గీస్తాం. కింద ఒక ఉదాహరణ. పిల్లలు ఎక్కించుకుంటారు. ల్యాబులో ఫ్యాక్టోరియల్, ఫిబొనాచీ, ఆర్మ్‌స్ట్రాంగ్, పాలిండ్రోమ్, ప్రైమ్ నంబరు. ఏళ్లు గడిచినా అదే జాబితా. రికార్డులో ఎడమ పక్క తెల్ల కాగితం మీద పెన్సిల్‌తో ఫ్లోచార్టు, కుడి పక్క గీతల కాగితం మీద ప్రోగ్రాము, చివర చేత్తో రాసిన అవుట్‌పుట్. సీనియర్ల రికార్డు చూసి దించుతున్నారని మాకు తెలుసు. తెలిసే సంతకాలు పెట్టాం.

ఫ్యాక్టోరియల్ ప్రోగ్రాము అవుట్‌పుట్ ఏ రికార్డులో చూసినా 5కి 120 అనే ఉంటుంది. మా ల్యాబులో వాడిన టర్బో సీ కంపైలరులో ఎవరైనా ఆసక్తి కొద్దీ 8 ఇచ్చి చూస్తే తెర మీద మైనస్ 25216 వచ్చేది. నిజానికి రావాల్సింది 40320. అందులో ఇంట్ అనే డబ్బాకి రెండు బైట్ల చోటే ఉంటుంది, 32767 దాటిన సంఖ్య అందులో పట్టదు, తిరగబడి మైనస్‌లోకి పోతుంది. అదాటున దొరికిన ఎంత మంచి పాఠం! లూపు ప్రతి రౌండులో ఏ విలువని ఎక్కడ దాస్తోందో ఆ ఒక్క తప్పు సంఖ్య పట్టుకుని గంటసేపు చెప్పొచ్చు. మేం ఏమన్నామో తెలుసా? ‘ఏడు దాటి ఇవ్వకండి’ అన్నాం. 1987లో వచ్చిన ఆ టర్బో సీని, కంప్యూటర్లు ఎన్ని తరాలు మారినా, పాత డాస్ ప్రోగ్రాముల్ని నడిపే డాస్‌బాక్స్ పెట్టి మరీ నడిపించింది కూడా మా వీలు కోసమే. దానికి తగ్గట్టు రికార్డులు సిద్ధంగా ఉన్నాయి. మార్చాలంటే మేం మళ్లీ చదవాలి.

అంకెల మొత్తం కట్టే ప్రోగ్రాము సంగతి చూడండి. ఎన్ సున్నా కంటే ఎక్కువగా ఉన్నంతసేపు మూడు పనులు: ఎన్‌ని పదితో భాగిస్తే మిగిలేది ఆర్‌లో పెట్టు, ఆర్‌ని ఎస్‌కి కలుపు, ఎన్‌లో చివరి అంకె తీసెయ్యి. 472 ఇద్దాం. మొదటి రౌండులో ఆర్ 2, ఎస్ 2, ఎన్ 47. రెండో రౌండులో ఆర్ 7, ఎస్ 9, ఎన్ 4. మూడో రౌండులో ఆర్ 4, ఎస్ 13, ఎన్ 0. మళ్లీ పైకి వెళ్లి షరతు చూస్తే తప్పింది, లూపు అయిపోయింది. మూడు నిలువు వరసలు గీసి, ఒక్కో విలువ చెరిపి రాస్తూ పోతే పది నిమిషాల పని. ఆ పట్టిక గీయించకుండానే యూనిట్లు పూర్తి చేసి, సిలబస్ అయిందని రిజిస్టర్లో రాశాం. ఈ ప్రోగ్రాము తడుముకోకుండా రాసే విద్యార్థిని, మొత్తం కాకుండా అంకెలు ఎన్నున్నాయో లెక్కపెట్టమంటే కలం ఆగిపోయేది. ఆగదా మరి! ఆ మూడు లైన్లు ఎందుకున్నాయో తెలిస్తేనే కదా వాటిలో ఏది మార్చాలో తెలిసేది.

ఒకసారి మా ల్యాబులో ఒక అమ్మాయి ఇదే ప్రోగ్రాములో రెండు లైన్లు తారుమారుగా రాసింది. ఆర్‌ని మొత్తానికి కలపకముందే ఎన్‌ని పదితో భాగించింది. అయినా 13 వచ్చింది. ‘సార్, ఆఖరి రౌండులో 4ని కలపకముందే ఎన్ సున్నా అయిపోయింది కదా, మరి లూపు అక్కడే ఎందుకు ఆగలేదు?’ అని అడిగింది. ఊళ్లో తెలుగు మీడియంలో చదివొచ్చిన పిల్ల. వైల్ గురించి అడగాల్సిన అసలు ప్రశ్న అదే. షరతుని ప్రతి లైనుకీ చూడదు, మూడు లైన్లూ అయ్యాక పైకి వెళ్లినప్పుడే చూస్తుంది అని చెప్తే చాలు, పక్కనున్న పదిమందికీ వైల్ అర్థమయ్యేది. ల్యాబులో ఉన్న మేం ఇద్దరమూ ‘రికార్డులో ఉన్నట్టు రాయమ్మా’ అన్నాం. ఆ ప్రశ్న కొత్తది కూడా కాదు. 1980ల్లో అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయంలో ఎలియట్ సోలోవే, ఆయన సహచరులు కొత్తవాళ్లు లూపుల్లో ఎక్కడ పొరబడతారో పరిశోధించారు. షరతు తప్పిన క్షణానే లూపు ఆగిపోతుందని అనుకోవడం ఆ పొరపాట్లలో ఒకటి. 2004లో రేమండ్ లిస్టర్ తోటి పరిశోధకులతో కలిసి పలు దేశాల విద్యార్థుల మీద చేసిన అధ్యయనం ఇంకా మొదటి మెట్టుకి వెళ్లింది: చాలామంది రాయడం దాకా ఎందుకు, చిన్న ప్రోగ్రాము ఇచ్చి నడిపి చూడమన్నా తడబడుతున్నారని తేల్చింది. మా వృత్తి గురించి ఇంత స్పష్టంగా రాసి పెట్టినవాటిని మేం తెరిచి చూడలేదు. సెమినార్లకి మాత్రం వెళ్లాం, సర్టిఫికెట్లు తెచ్చుకున్నాం.

ఇక వైవాలు. ఇఫ్‌లో రెండు ఈక్వల్స్‌కి బదులు ఒకటే పెడితే ఏమవుతుంది, ఫర్ పక్కన సెమికోలన్ పడితే ఏమవుతుంది, స్విచ్‌లో బ్రేక్ మరిచిపోతే ఏమవుతుంది. ఇవన్నీ క్లాసులో నేర్పాల్సిన విషయాలు. క్లాసులో నేర్పకుండా దాచి, వైవాలో పిల్లల్ని ఇరుకున పెట్టే చిక్కు ప్రశ్నలుగా వాడాం. జవాబు రాక తలదించుకుంటే అది మా తెలివనుకున్నాం. దీన్ని తలచుకుంటే సిగ్గేస్తోంది.

అన్నిటికంటే పెద్ద తప్పు, నేరం మోపిన తీరు. స్టాఫ్ రూములో కూర్చుని ‘ఈ బ్యాచికి లాజిక్ లేదు’ అన్నాం. తెలుగు మీడియం అన్నాం, మేనేజ్‌మెంట్ కోటా అన్నాం, ఫోన్లు చెడగొట్టాయన్నాం. రెండో నెలకే ‘నాకు ప్రోగ్రామింగ్ రాదు సార్’ అనే మాట పిల్లల నోట వినపడేది. ఆ మాట వాళ్లకి అప్పజెప్పింది మేమే. వాళ్లలో కొందరు నాలుగేళ్లూ ఆ మాట మోసి, డిగ్రీ చేతికొచ్చాక హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్లుండే అమీర్‌పేటలో హాస్టల్ గది తీసుకుని, ఇంటి నుంచి మళ్లీ డబ్బు తెప్పించుకుని, ఇఫ్ దగ్గర్నుంచి మొదలుపెట్టారు. వాళ్ల నాన్నలు ఆ పాఠానికి మా కాలేజీలో ఒకసారి ఫీజు కట్టే ఉన్నారు.

మా ఇబ్బందులు నిజమే. క్లాసుకి అరవై మంది, జీతాలు ఆలస్యం, అటెండెన్సు కాగితాలు, అక్రిడిటేషన్ ఫైళ్లు. అయితే పట్టిక గీయడానికి వీటిలో ఏదీ అడ్డు రాలేదు. సుద్దముక్క మా చేతిలోనే ఉంది.

తోటి అధ్యాపకులకి నా విన్నపం ఒక్కటే. వచ్చే బ్యాచికి మొదటి రెండు వారాలు కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టకండి. చిన్న చిన్న లూపులు ఇచ్చి విలువల పట్టికలు గీయించండి, పిల్లలు తప్పు గీస్తే ఎందుకలా అనుకున్నారో అడిగి వినండి. తెలుగులో అడిగితే తెలుగులోనే చెప్పండి. మొదటి ఇంటర్నల్‌లో సింటాక్స్ రాయమనే ప్రశ్న తీసేసి, ఎనిమిది లైన్ల ప్రోగ్రాము ఇచ్చి ఏం ప్రింటవుతుందో అడగండి. దీనికి యూనివర్సిటీ అనుమతి అక్కర్లేదు. ఇంటర్నల్ పేపరు రాసేది మనమే.