జడల పక్షమున ఒక మాట

వేసవి సెలవులు ముగిసి పాఠశాలలు తెరచిన మొదటి వారమున, మేము పూర్వము పనిచేసిన యొక వసతిగృహమున ఏటేట నొక పని జరుగుచుండెడిది. వరండాలో నొక బల్ల వేయుదురు. దానిపై కత్తెర యుండును. తలలో పేలు కనబడిన బాలికలను వరుసగా కూర్చుండబెట్టి మెడకు పైగా జుట్టు కత్తిరించి పంపుదురు. పని గంట రెండు గంటలలో ముగియును. ఆ వరుసను సరిదిద్దుచు మేమును అచ్చట నిలిచినవారమే. అది మంచిపనియనియే తలచినవారమే. ఒక సంవత్సరము క్రొత్తగా ఆరవ తరగతిలో చేరిన పల్లెటూరి బిడ్డ యొకతె, తెగిపడిన తన జడను నేలమీదనుండి తీసికొని, పావడ చెరగున మూటగట్టుకొని పోయినది. ఏడువలేదు, మాటాడలేదు. దసరా సెలవులకు ఇంటికి పోయిన ఆ పిల్ల మరల రాలేదు. కారణము అదియేయని మేము ప్రమాణము చేయజాలము. కాని నాటినుండి ఈ విషయమున మా యభిప్రాయము మారినది. దానినే ఇచ్చట విన్నవించుచున్నాము.

పొడవైన జుట్టు బాలికలకు సోకు నేర్పుననియు, చదువుకొను వేళను హరించుననియు చెప్పువారు కలరు. వారిలో మా సహోపాధ్యాయులును ఉన్నారు గావున వారి మాటను తేలికగా తీసివేయము. ఉదయము గంట కొట్టుటకు ముందు పదులకొలది బాలికలకు ఒక కుళాయియు రెండు అద్దములును మాత్రమే యున్నచోట జడ యొక భారమే. పొట్టిజుట్టు కావలెనని తానై కోరిన బాలికకు అది మిగుల సుఖము. అట్టి బాలికను వెక్కిరించుటయు తప్పే. మేము వాదించుచున్నది జుట్టు పొడవును గూర్చి కాదు, ఆ జుట్టు ఎవరిది యను దానిని గూర్చి. తెలుగునాట ఆడుబిడ్డ తలపై పరుల కత్తి పడుటకు పాత కథ యొకటి కలదు. 1881వ సంవత్సరము డిశెంబరు మాసమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహము జరిపించునాటికి, కొన్ని కులములలో భర్త పోయిన బాలికకు ఇష్టానిష్టములతో నిమిత్తము లేకయే శిరోముండనము చేయించుచుండిరి. పేలకొరకు కత్తిరించుట దానితో సమానమని మేమనము. అయినను, అడుగకుండ జుట్టు తీయబడిన బిడ్డ ఇల్లు చేరినప్పుడు అవ్వ గుండె యేల గుభిల్లుమనునో యెరిగినవారు మా మాటను త్రోసివేయరు.

ఇక పేల సంగతి. పేను ఎగురదు, దూకదు. రెండు తలలు తాకినప్పుడు ఒకదానినుండి మరియొకదానికి ప్రాకును. అది మురికిని వెదకికొని వచ్చునది కాదు. నిత్యము తలంటుకొను బిడ్డ తలలోను చేరును. తల విడచిన పేను ఒకటి రెండు దినములకు మించి బ్రదుకుట అరుదు. దానికి కావలసినది తలచర్మమును, వెండ్రుక మొదలును మాత్రమే. ఈపులు సైతము చర్మమునకు అతిసమీపమునే అంటియుండును. అట్లగుటచే మెడవరకు కత్తిరించిన తలలో అది యథాప్రకారము కాపురము చేయును. కత్తెరవలన దువ్వుట సులువగునే కాని పేలు పోవు. మా వరండా బల్లమీద సంవత్సరములకొలది జరిగిన పని, నిజము చెప్పవలెనన్న, పేలకంటె పిల్లలనే యెక్కువగా బాధించినది.

ఈపి పొదుగుటకు వారము పది దినములు పట్టును. కావున ఒక్కనాడు దువ్వి ఊరకున్న ప్రయోజనము లేదు. తలకు నూనె దట్టముగా రాచి, చిక్కు తీసి, పాయలు పాయలుగా విడదీసి, సన్నని పండ్లుగల పేలదువ్వెనతో మొదలునుండి కొసవరకు దువ్వి, దువ్వినప్పుడెల్ల దానిని తెల్లని గుడ్డపై తుడిచి చూడవలెను. మూడు నాలుగు దినములకొకమారు, రెండు మూడు వారములపాటు విడువక చేయవలెను. ఒక గదిలో పరుండు వారందరి తలలును ఒకే దినమున చూడవలెను. లేనిచో నేడు వీరి తలనుండి పోయినది ఎల్లుండి వారి తలనుండి తిరిగి వచ్చును. మందు కావలసినచో వైద్యుడు చెప్పినదే, చెప్పిన కొలదియే వాడవలెను. కిరసనాయిలు పోయుటయు, పొలమునకు చల్లు పురుగుమందు తలకు రాచుటయు కొన్ని యూళ్లలో నేటికిని వినబడుచున్నవి. మొదటిదానికి నిప్పంటుకొనును. రెండవది చర్మముగుండ నెత్తురులో కలిసి ప్రాణము తీయగలదు. తలిదండ్రులారా, చేతులెత్తి వేడుకొనుచున్నాము, ఆ పని చేయకుడు. పేలున్నవన్న కారణమున బిడ్డను బడి మాన్పించుటయు తగదు. ఆరోగ్యముగానున్న బిడ్డను పేలకొరకు పాఠశాలనుండి తొలగింపరాదని అమెరికాదేశపు బాలవైద్యుల అకాడమీ 2010లోనే ప్రకటించినది.

ఈ వ్యాసము చదువుచు నవ్వుచున్న బాలురకు ఒక మాట. పేను క్రాపు తలకు భయపడదు. మీ తలలును చూపింపుడు.

జుట్టు నెలకు ఇంచుమించు అర అంగుళము పెరుగును. అనగా ఏడాదికి ఆరంగుళములు. ఇందు తొందరపెట్టుటకు వీలులేదు. తిరుమలలో తలనీలాలు సమర్పించి వచ్చిన బాలికకు జుట్టు భుజము దాటుటకు రెండేండ్లు పట్టును. ఎనిమిదవ తరగతి బాలిక నడుము తాకు జడ కొసను చూడుడు. ఆ కొస ఆమె మూడవ తరగతి చదువుచున్ననాడు తలపై మొలచినది. అయిదేండ్ల ఎండకును, దుమ్మునకును, దువ్వెనకును ఓర్చినది. చర్మము దాటి పైకి వచ్చిన వెండ్రుకకు జీవము లేదు గావున దానికి తగిలిన గాయము మానదు. దాని పైపొర పెంకుటింటి కప్పువలె ఒకదానిపై నొకటి పరచిన పొలుసులతో నేర్పడినది. మొరటుగా రుద్దినచో ఆ పెంకులు లేచిపోవును, కొసలు చీలును. తడిసిన వెండ్రుక సాగి సులువుగా తెగును. తలంటిన వెంటనే సన్నదువ్వెన పెట్టి గుంజు తల్లులును, అక్కలును ఇది గమనింతురు గాక. మొదట వెడల్పు పండ్ల దువ్వెనతో కొసలనుండి ప్రారంభించి, చిక్కు విడదీయుచు మీదికి రావలెను. గుండు చేయించినచో జుట్టు ఒత్తుగా వచ్చునను నమ్మకము మన యిండ్లలో మిక్కుటము. అమెరికాలో మిల్డ్రెడ్ ట్రాటర్ అను శరీరశాస్త్రజ్ఞురాలు 1928లో కొలిచి చూచి, క్షౌరమువలన వెండ్రుక లావు గాని పెరుగు వేగము గాని మారదని వ్రాసెను. మ్రొక్కు తీర్చుకొనుట వేరు. ఒత్తు కొరకై పిల్లల తలలు గొరిగించుట వేరు.

నూనె మాటకు వత్తము. నూనె జుట్టును పెంచునని మేము చెప్పము. పెరిగిన జుట్టును కాపాడునని చెప్పుదుము. ముంబయిలోని యిద్దరు పరిశోధకులు 2003లో ప్రకటించిన వ్యాసమున, కొబ్బరినూనె వెండ్రుకలోనికి చొచ్చి, కడుగునప్పుడు నష్టమగు మాంసకృత్తులను తగ్గించుననియు, పొద్దుతిరుగుడు నూనెకు అట్టి గుణము కానరాలేదనియు తెలిపిరి. వారు కొబ్బరినూనె అమ్ము సంస్థకు చెందినవారని యెరిగియే ఈ మాట చెప్పుచున్నాము. అయినను మా అమ్మమ్మల యనుభవమును దానికి విరుద్ధముగా లేదు. తలంటుకు ముందు పట్టించిన చిన్న గరిటెడు నూనె చాలును. బడికి వచ్చునప్పుడు నుదుట కారునంత నూనె పెట్టిన దుమ్ము పట్టుటయే ఫలము. కుంకుడుకాయ నురుగు కన్ను మండించుననుట నిజమే కాని, గింజ తీసి దంచి, వేడినీట నానవేసి, వడగట్టిన పులుసు జుట్టునకు సౌమ్యమైనది. రూపాయి పొట్లపు షాంపూను మేము నిషేధింపము; తలచర్మమునకు రాచి, నురుగును కొసలమీదుగా జారవిడచినచో చాలును. నిషేధింపదగినది బట్టల సబ్బు. బోరునీటిలోని సున్నముతో కలిసి అది జిగురువలె వెండ్రుకలకు పట్టును. అంతట చిక్కు, అంతట కత్తెర! సబ్బుబిళ్ల యొకటే యున్న బిడ్డ మరేమి చేయును? తప్పు ఆమెది కాదు.

జడ అల్లుటలోను మనము చూడని హింస కలదు. రెండు జడలు మడచి రిబ్బను కట్టవలెనను నియమము మాకు సమ్మతమే. ప్రార్థనావేళ ఆ వరుసలు కన్నులకింపుగా నుండును. కాని కనుబొమలు మీదికి లేచునంత బిగించి అల్లుట నియమములో లేదు. దినదినము అట్లు లాగినచో కణతలయొద్దను, పాపిటయొద్దను జుట్టు పలుచనగును. గ్రీన్లాండు స్త్రీలయందు ఇట్టి లోపమును 1907లోనే గుర్తించి వ్రాసిరి. తడిజుట్టును అల్లి, రిబ్బను బిగించి, సాయంకాలమువరకు విప్పకుండుటయు మంచిది కాదు. జుట్టు ఇంకను జడకు అందని బాలికల విషయమున మాకొక మనవి యున్నది. జ్వరమువలన గాని, మ్రొక్కువలన గాని, మరే కారణమున గాని పొట్టియై తిరిగి పెంచుకొనుచున్న జుట్టు ఒక యేడాది చెవులమీద పడుచు, కండ్లలో గ్రుచ్చుకొనుచు, ఏ రిబ్బనుకు లొంగక యుండును. ఆ కాలమున పిన్నులైనను, తలపట్టీయైనను పెట్టుకొననిత్తుము గాక; నియమము తప్పినదని నలుగురిలో నిలబెట్టకుందుము గాక. టైఫాయిడువంటి జ్వరము తగ్గిన రెండు మూడు నెలలకు గుప్పెళ్లుగా జుట్టు రాలుట కలదు. బెదరవలసిన పనిలేదు, సాధారణముగా అది తిరిగి వచ్చును.

రాలిన జుట్టు తిరిగి రాకున్నచో నూనెసీసా మార్చుటకు ముందు భోజనపు పళ్లెమును చూడవలెను. వెండ్రుక మాంసకృత్తుతో నేర్పడినది. నెత్తురులో ఇనుము తగ్గినను రాలును. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశమునను, తెలంగాణమునను స్త్రీలలో సగమునకు మించి రక్తహీనత కనబడినది. తోటకూర, పప్పు, గ్రుడ్డు, ప్రక్కన నొక నిమ్మచెక్క. ఇవి తలకు రాయునవి కావు, కాని తలకు చేరును.

మేము కోరునది స్వల్పము. శనివారము ఉదయమున రెండు గంటలు తలంటుకు విడువవలెను. ఒక డేగిసాతో నీరు కాచుటకు కట్టెలకు గాని గ్యాసుకు గాని లెక్కలో నొక పద్దు వ్రాయవలెను. పెద్ద తరగతుల బాలికలు చిన్నవారి తలలు దువ్వునట్లు జతలు కూర్చవలెను. తల్లి చేయి దూరమైన పిల్లకు అక్క చేయి దొరకును, దువ్వుచున్న అక్కకు ఆ చిన్నది యింటి కబుర్లు చెప్పును. ఇట్లు చేసిన యొక వసతిగృహమును మేమెరుగుదుము. అచ్చట పేలు పూర్తిగా పోలేదు. కాని కత్తెర దర్జీ తరగతికి తరలిపోయినది. కత్తిరించుకొనగోరు బాలిక తల్లిచేత నొక ఉత్తరము తెచ్చి, తాను కోరిన పొడవు వ్రేలితో చూపి, అద్దము ముందు కూర్చుండును.

తలిదండ్రులకు మా విన్నపము. వచ్చు జూన్ మాసమున పిల్లల పెట్టెలు సర్దునప్పుడు రెండు దువ్వెనలుంచుడు, ఒకటి వెడల్పుపండ్లది, ఒకటి పేలది. రెంటిపైనను బిడ్డ పేరు కాల్చిన సూదితో చెక్కుడు. మీ పెరటి చెట్టు క్రింద రాలిన కుంకుడుకాయలు ఒక సంచెడు కట్టి పంపుడు. చెట్టులేని యింటి పిల్లలకును అవి సరిపోవును.