అల్లుడికి మర్యాద సరే, అత్తవారికో?

వేసవిలో నంద్యాలలో బస్సు దిగగానే నా కళ్ళు నన్నారి బండి కోసం వెతుకుతాయి. నిమ్మరసం, సబ్జా గింజలు, మంచుముక్కలు వేసిన ఆ షర్బత్తు గొంతు దిగితే గాని ప్రాణం కుదుటపడదు. ఆ వేరు ఎక్కడిదన్న ఆలోచన మాత్రం చాలా ఏళ్ళు రాలేదు. నన్నారి పేరుతో చెల్లేవి రెండు: ఒకటి సుగంధిపాల, రెండవది కొండరాళ్ళ సందుల్లో పెరిగే మారేడు గడ్డ (బిల్వవృక్షంతో దీనికి సంబంధం లేదు). నల్లమలలో ఈ గడ్డను తవ్వి తెచ్చేవారిలో చెంచులున్నారు. గడ్డ కోసం తీగనే పెకలించడం వల్ల ఇది ఇప్పుడు ప్రపంచ అంతరించే జాతుల పట్టికకెక్కింది.

ఆళ్ళగడ్డ దాటి అహోబిలం వెళితే, నరసింహస్వామి చెంచులక్ష్మిని పెళ్ళాడిన చెంచువారి అల్లుడు. సంక్రాంతి వేళ మొదలయ్యే పారువేటలో ఆ అల్లుణ్ణి ఊరూరా పల్లకిలో మోసి మర్యాదలు చేస్తాం. అత్తవారి విద్యకు మాత్రం మనం పెట్టిన పేరు 'నాటువైద్యం'.

2002 నాటి జీవవైవిధ్య చట్టం, మొక్కల విజ్ఞానంతో వ్యాపారం చేసేవారు దాన్ని కాపాడుకొస్తున్నవారికి లాభంలో వాటా ఇవ్వాలన్నది. 2023 సవరణ, గ్రంథస్థమైన విజ్ఞానాన్ని వాడుకునేవారికి ఆ బాధ్యత తప్పించింది. సారిబ అన్న పేరుతో సుగంధిపాల ఆయుర్వేద గ్రంథాల్లో ఉంది. అడవి చూపనిదే అది ఏ గ్రంథంలోకి ఎక్కింది? నా అభ్యంతరమంతా ఇక్కడే. వ్రాతకెక్కినది శాస్త్రం, నోట నిలిచినది నాటు అనే భేదం అక్షరం వచ్చిన మనం కల్పించుకున్నదే.

వాటా ఇవ్వడం అసాధ్యమేమీ కాదు. 1987లో కేరళ అగస్త్యమల అడవుల్లో కాణి గిరిజనులు చూపిన ఆరోగ్యపచ్చ మొక్క నుంచి 'జీవని' అనే మందు తయారైంది. 1995లో ఆ మందు హక్కులను ఒక ఔషధ సంస్థకు ఇచ్చినప్పుడు, వచ్చిన సొమ్ములో సగం కాణులకని నిర్ణయించారు. ఆ ఏర్పాటులో లోపాలు లేకపోలేదు. అయినా ఆ మాత్రం ప్రయత్నం నల్లమల విషయంలో ఎందుకు జరగకూడదు?

చెంచులు ఏ ఆకును దేనికి వాడతారో ఇక్కడ వరుసగా వ్రాస్తానని మీరు ఎదురుచూసి ఉంటారు. వ్రాయను. మాట తీసుకోకుండా వ్రాస్తే దాన్ని ఎవరైనా ఉచితంగా పట్టుకుపోవడానికి నేనే దారి వేసినట్టవుతుంది. అడిగి, వారి పేరుతో, వారి అనుమతితో వ్రాయగలిగిన నాడు వ్రాస్తాను.