బిగిసిన వెన్ను - పడినప్పుడు జాగ్రత్త



ఇంటిలోని వృద్ధురాలు పెరటిలో కాలుజారి పడినదనుకొనుడు. రక్తము కారలేదు, వాపును లేదు. “చిన్న దెబ్బయే” యని లేవదీసి కూర్చుండబెట్టుట మన యలవాటు. ఆమె వెన్ను చాలకాలముగా బిగిసియున్నచో నీ యలవాటు ప్రాణాపాయము తేగలదు.

వెన్నుపూసలను కలిపియుంచు మెత్తని బంధనములు గలవు. వైద్యులు వీనిని లిగమెంటులందురు. కొందరిలో నివి క్రమముగా ఎముకగా మారును. పూసల వెనుకవైపు బంధనము గట్టిపడినచో వెన్నుపాముండు మార్గము ఇరుకగును; ఇది జపాను మున్నగు దేశములలో హెచ్చు. ముందువైపు గట్టిపడుట వృద్ధులలోను, మధుమేహము గలవారిలోను తరచు. ఫ్లోరైడు మిక్కుటమైన నీటివలనను బంధనములు ఎముకలగును. ఇట్టి వ్యాధిని నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో కనుగొని 1937లో వైద్యులు ప్రకటించిరి. నల్లగొండ ప్రాంతము దీనివలన చిరకాలము బాధపడినది.

ఇందు రెండపాయములు గలవు. మార్గము ఇరుకైనచో, ఎముక విరుగకయే వెన్నుపాము నలుగును. అప్పుడు కాళ్లకంటె చేతులు హెచ్చుగా బలహీనమగుట కలదు. పూసలన్నియు నొక్కటిగా అతుకుకొనినచో, కొద్దిపాటు పాటుకే వెన్ను ఎండుకర్రవలె విరుగును. ఇట్టి విరుగుడు సాధారణ ఎక్స్‌రేలో కనబడకపోవచ్చును, సి.టి. పరీక్షయు, ఒక్కొక్కప్పుడు ఎం.ఆర్.ఐ. పరీక్షయు అవసరము. మొదట నడచినవారికే కొన్ని గంటలకో, దినములకో పక్షవాతము రావచ్చును. కావున “ఇది పాతనొప్పియే” యని ఉపేక్షింపరాదు.

పడినవారిని లేవదీయకుడు. 108కు ఫోను చేయుడు. మెడ ముందే వంగియున్నచో బలవంతముగా తిన్నచేయరాదు. మునుపున్న వంపుననే యుంచి, తలక్రిందను ప్రక్కలను దుప్పటి మడతలు ఆనించుడు. చేతులు తిమ్మిరెక్కినను, మూత్రము బిగిసినను వెంటనే చెప్పుడు.

పడుటకు ముందే కొన్ని గురుతులు పొడసూపును: బొత్తాములు పెట్టుకొనలేకపోవుట, చేతినుండి పాత్రలు జారుట, నడకలో తూలుట. ఇవి ముసలితనమని సరిపెట్టుకొనక వైద్యునికి చూపుడు.

ఆసుపత్రిలోని వైద్యుడు రోగిని ఆనాడే మొదట చూచును. అత్తగారి మెడ నిన్నటివరకెంత వంగెనో, ఎన్నేండ్లనుండి ప్రక్కకు తిరుగదో యెరిగినది కోడలే. అడుగకున్నను ఆ మాట చెప్పుడు. పాత ఎక్స్‌రేలున్న వెంట గొనిపొండు. మీ యొక్క మాట యామెను తిరిగి నడిపింపవచ్చును.