ఉక్కు సైకిలును గూర్చి ఒక మనవి

సైకిలు నెక్కుట యెరిగినవారు మన విద్యార్థులలో అనేకులు కలరు. సైకిలును విప్పి, తుడిచి, మరల బిగించుట యెరిగినవారిని వ్రేళ్లపై లెక్కింపవచ్చును. ఈ రెండవ విద్యయు మొదటిదానితోపాటు బడిలోనే నేర్పవలసినదనియు, అందులకు తగిన సాధనము మన తాతల నాటినుండి వచ్చుచున్న ఉక్కు సైకిలే యనియు నా యభిప్రాయము. దీనికి సమ్మతింపనివారు ఉపాధ్యాయులలోను తల్లిదండ్రులలోను గలరని యెరుగుదును. వారి యాక్షేపణలను ముందిడుకొనియే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

నేడు తల్లిదండ్రులు బిడ్డలకు కొనిపెట్టు సైకిళ్లను చూడుడు. లావుపాటి టైర్లు, ముందు వెనుకల స్ప్రింగులు, మెరయు రంగులు, చేతికందు గేర్లు. కొన్ని నెలలు గడచునప్పటికి గేరు తీగ బిగిసిపోవును, స్ప్రింగు కిర్రుమనును. వీధి మూలనున్న మేస్త్రీని అడిగినచో, ఆ భాగము తనయొద్ద లేదనును. సైకిలు మేడమెట్ల క్రిందికి చేరును. అంతట పదునాలుగేండ్ల బాలుడు తండ్రి స్కూటరు తాళపుచెవి నడుగును. అల్మాస్‌గూడనుండి దిల్‌సుఖ్‌నగరు దాక ఏ వీధిలో నిలిచి చూచినను అట్టి బాలురు కనబడుచునే యుందురు. గేరులేని 50 సీ.సీ. లోపు బండికి 16 ఏండ్లు, తక్కిన వానికి 18 ఏండ్లు నిండనిదే చట్టము అనుమతి నీయదు. 2019 లో చేసిన సవరణ ప్రకారము, మైనరు బండి నడిపి నేరము చేసినచో అతని సంరక్షకునికి 25,000 రూపాయల జరిమానాయు, మూడేండ్లవరకు కారాగారమును విధింపవచ్చును. జరిమానా మాట యటుండనిండు; పోయిన ప్రాణము ఏ మూల్యమునకు మరల వచ్చును?

కావున సైకిలు మూలపడకుండ చూచుట చిన్న విషయము కాదు. అది మూలపడుటకు ముఖ్య కారణము బాలుని సోమరితనము కాదు. దానిని బాగుచేయుట ఎవ్వరును అతనికి నేర్పకపోవుటయే.

ఇప్పటి సైకిలు రూపము 1885 లో ఇంగ్లండునందు జాన్ కెంప్ స్టార్లీ యనునాతడు చేసిన రోవరు సైకిలునుండి వచ్చినది. రెండు చక్రములు ఇంచుమించు సమానము, గొలుసుచే వెనుక చక్రము తిరుగును. 1888 లో డన్‌లప్ గాలి టైరునకు పేటెంటు పొందెను. మన దేశములో 1939 లో బొంబాయియందు హింద్ సైకిళ్ల కర్మాగారమును, 1949 లో మదరాసునొద్ద టీ.ఐ. సైకిళ్ల కర్మాగారమును, 1951 లో సోనీపతున అట్లాసును, 1956 లో లూధియానాలో హీరోయును వెలసినవి. పాలు, పోస్టు, కట్టెలు, బడిపిల్లలు, వధూవరులు — ఆ నల్లని బండి మోయనిదేమున్నది? 2020 జూన్ 3 న, ప్రపంచ సైకిలు దినమునాడే, అట్లాసువారి సాహిబాబాదు కర్మాగారము మూతపడినది. అయినను నల్లని రోడ్‌స్టరు బండ్లు నేటికిని తిరుగుచునేయున్నవి. చేసినవాడు పోయినను బండి నిలుచుటకు కారణము దాని లోహమునందును, దాని కూర్పునందును గలదు.

ఆ కూర్పు ఎట్టిదో చూతము. ఉక్కు గొట్టములను మూలలయందు లగ్గులనెడి తొడుగులలో దూర్చి, ఇత్తడిని కరగించి ఆ సందులలోనికి పారించుదురు. ఇత్తడి దాదాపు 900 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కరగును. ఉక్కు కరగుటకు 1,500 డిగ్రీలకు సమీపము కావలయును. అందుచే గొట్టము చెడకయే అతుకు గట్టిపడును. 1897 లో ఇంగ్లండులోని రెనాల్డ్సు కంపెనీవారు చివరల మందముగను నడుమ పలుచగను ఉండు గొట్టమునకు పేటెంటు పొందిరి. బలము కావలసినచోట లోహము నుంచి, అక్కరలేనిచోట తీసివేయుటయే అందలి యుపాయము. ఉక్కునకు మరియొక సుగుణము కలదు. దాని యోర్పునకు లోబడిన భారము నెన్ని లక్షల మారులు మోసినను అది అలసి విరుగదు. అల్యూమినియమునకు అట్టి హద్దు లేదు. ఉక్కు సాధారణముగా విరుగుటకు ముందు పగులు చూపును. పగిలినచోట ఏ ఊరి వెల్డింగు దుకాణమునందైనను అతికింపవచ్చును.

ఇక చక్రమును గూర్చి చెప్పెదను. ఎడ్లబండి చక్రములో క్రిందనున్న ఆకులు స్తంభములవలె నిలిచి బరువును మోయును. సైకిలు చక్రములోని సన్నని స్పోకులు అట్లు మోయజాలవు. అవి అన్నివైపులనుండి రిమ్మును హబ్బువైపునకు లాగుచుండును. ఆ లాగుడులోనే చక్రము బలము గలదు. మన రోడ్‌స్టరు బండ్లకు సాధారణముగా ముందు చక్రమున 32, వెనుక చక్రమున 40 స్పోకులుండును. వెనుక చక్రముపై బరువెక్కువ గదా! చక్రము కుడివైపునకు వంగినదనుకొనుడు. ఆచోట ఎడమ స్పోకుల నిపుల్సును పావు చుట్టు బిగించి, కుడివానిని అంతే వదులుచేయవలయును. ఒక్కసారిగా బిగించినవాని చక్రము గుండ్రము తప్పును. మేస్త్రీలు దీనిని బెండు తీయుట యందురు. స్పోకును వ్రేలితో మీటినప్పుడు వీణతీగవలె మ్రోగినచో సరిగానున్నదనియు, మొద్దుగా పలికినచో వదులనియు గ్రహింపవచ్చును. భౌతికశాస్త్ర పుస్తకములోని లాగుడు, నొక్కుడు అను మాటలు ఇంత స్పష్టముగా మరెక్కడ బోధపడును?

బండిని మనిషికి సరిపరచుకొనుటయు ఒక విద్యయే. పెడలు అడుగున నున్నప్పుడు మడమ నానించినచో కాలు తిన్నగా నుండవలయును. అప్పుడు ముంగాలితో త్రొక్కునెడ మోకాలు కొంచెము వంగును. సీటు ఇంతకన్న క్రిందికున్నచో మోకాళ్లు నొచ్చును, మీదికున్నచో నడుము ఊగును. గొలుసు నడుమ వ్రేలితో ఎత్తినప్పుడు అరంగుళము ఆడవలయును. ఎడమ పెడలుకు ఎదురు మర యుండునని యెరుగక, దానిని మామూలుగా త్రిప్పి మరలు చెడగొట్టుకొన్నవారు అనేకులు. హబ్బు కోనును మిక్కిలి బిగించినచో గోలీలు నలుగును, వదలినచో చక్రము ప్రక్కలకాడును. సరిగా నున్నదో లేదో తెలియుటకు పాత మేస్త్రీల పరీక్ష యొకటి కలదు. ముందు చక్రమును నేలనుండి ఎత్తి వదలినచో, వాల్వు బరువుకే అది మెల్లగా తిరిగి, వాల్వు క్రిందికి వచ్చి నిలువవలయును.

ఇప్పుడు ఆక్షేపణలు. మొదటిది: "మా బిడ్డలను చదువుకొనుటకు పంపితిమిగాని చేతులకు గ్రీజు పూసుకొనుటకు పంపలేదు." చేతిపనియు చదువును వేరువేరని తలచుట మన దేశమునకు పట్టిన పాత జాడ్యము. 1937 అక్టోబరులో వార్ధాలో గాంధీగారి యాధ్వర్యమున జరిగిన విద్యాసభ, చేతిపనిని విద్యకు మూలముగా నుంచవలయునని తీర్మానించెను. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో ఈ సంగతిని మేమందరము వ్రాసి పరీక్షల నిచ్చితిమి. తరగతిలో ఆచరించినది తక్కువ. 1903 డిసెంబరు 17 న మొదటిసారి విమానము నెగిరించిన రైటు సోదరులు కళాశాల పట్టభద్రులు కారు. డేటన్ పట్టణములో సైకిళ్లు బాగుచేసి, సైకిళ్లు చేసి యమ్మినవారు. మనకు సమీపముననే నాదర్‌గుల్‌లో విమానములు దిగు మైదానము కలదు. ఆదిభట్లలో విమానభాగములు తయారగుచున్నవి. ఆ గేటులోనికి పనివాడుగా గాని ఇంజనీరుగా గాని పోగోరు బాలుడు స్పానరు పట్టుటకు సిగ్గుపడవచ్చునా?

రెండవది: "ఆ బండి బరువు, మెట్టయెక్కలేము." ఇది కొంత నిజమే. రోడ్‌స్టరు ఇరువది కిలోలకు అటునిటుగా తూగును. కాని బరువుకన్న గొలుసు చక్రముల నిష్పత్తియే ఎక్కువ బాధించును. ముందు 44 పండ్లు, వెనుక 18 పండ్లు ఉన్నచో ఒక్క త్రొక్కుడు చుట్టునకు 28 అంగుళముల బండి దాదాపు 5.5 మీటర్లు పోవును. వెనుక 22 పండ్ల ఫ్రీవీలు వేసినచో 4.5 మీటర్లే పోవును. అందుచే ఎక్కుట సులభమగును. ఖర్చు స్వల్పము. ఫ్రాన్సులో సెంత్ ఏతియెన్ పట్టణమునందు పాల్ ద వీవీ (1853–1930) అను సైకిలు యాత్రికుడు గేర్ల మార్పిడిని జీవితమంతయు ప్రచారము చేసెను. పందెగాండ్రు దానిని బలహీనుల ఉపాయమని పరిహసించిరి. టూర్ ద ఫ్రాన్సు పందెములో గేరుమార్చు యంత్రమును 1937 లో గాని అనుమతింపలేదు. యాత్రికుడు చెప్పినదే చివరకు గెలిచినది.

మూడవది అన్నిటికంటె బలమైనది: "ఈ రోడ్లపై బిడ్డను సైకిలుపై ఎట్లు పంపుదుము?" ఈ భయము న్యాయమైనది, దానిని నవ్వి త్రోసివేయువాడు బాధ్యత యెరుగనివాడు. 2023 అక్టోబరు 1 న బాహ్యవలయ రహదారి ప్రక్కన సౌరఫలకముల నీడతో 23 కిలోమీటర్ల సైకిలు త్రోవ ప్రారంభింపబడినది. అది నగరమునకు పశ్చిమమున, నానక్‌రాంగూడ, నార్సింగి, కొల్లూరు ప్రాంతములలో నున్నది. అల్మాస్‌గూడ బాలునకు అది అందని పండే. బడికి పోవు బిడ్డకు కావలసినది విహారపు త్రోవకాదు; ఇంటినుండి బడిదాక సురక్షితమగు నాలుగడుగుల వెడల్పు. దీనికై తల్లిదండ్రులు పురపాలకులను అడుగవలయును. ఒక్కరొక్కరుగాక పాఠశాల పక్షమున కలిసి అడుగవలయును. అంతవరకు లోపలి వీధులను ఎన్నుకొని, అయిదారుగురు కలిసి, ఎర్ర దీపము, మంచి బ్రేకులు గలిగి పోవుట మేలు. బ్రేకు రబ్బరు అరిగినదో లేదో చూచుకొననేర్చిన బాలుడు, చూచుకొననేరని వానికంటె క్షేమముగా నుండునని చెప్పుటకు వాదము కావలయునా? రోడ్డు మన చేతిలో లేదు. బ్రేకు మన చేతిలోనే యున్నది.

బాలికల విషయము వేరుగా చెప్పవలయును. తమిళనాడులోని పుదుక్కోట జిల్లాలో 1990 ప్రాంతముల అక్షరాస్యతా ఉద్యమముతోపాటు గ్రామస్త్రీలకు సైకిలు త్రొక్కుట నేర్పిరి. వేలమంది నేర్చి, నీటికి, పనికి, చదువునకు తామే పోసాగిరి. బీహారు ప్రభుత్వము 2006 లో తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిలు కొనుటకు ధనమిచ్చెను. కార్తీక్ మురళీధరన్, నిశీత్ ప్రకాశ్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు దానిని పరిశీలించి, ఉన్నత పాఠశాలలో చేరిన బాలికల సంఖ్య 32 శాతము పెరిగినదని తేల్చిరి. బడి దూరమైన గ్రామములలోనే ఆ మేలు ఎక్కువగా కనబడినది. కాని గొలుసు ఊడినప్పుడెల్ల అన్నకొరకో తండ్రికొరకో రోడ్డుప్రక్కన నిలువవలసివచ్చినచో ఆ స్వాతంత్ర్యము సగమే. కనుక పంక్చరు వేయుట బాలురకంటె ముందు బాలికలకే నేర్పవలయునని నా మనవి.

యాత్రలను గూర్చి రెండు మాటలు. 1923 అక్టోబరు 15 న బొంబాయినుండి ఆరుగురు పార్సీ యువకులు సైకిళ్లపై లోకము చుట్టివచ్చుటకు బయలుదేరిరి. వారిలో ఆదీ హకీం, జాల్ బాపసోలా, రుస్తుం భుంగారా అను మువ్వురు 44,000 మైళ్లు తిరిగి 1928 మార్చి 18 న మరల బొంబాయి చేరిరి. ఎడారులలోను అడవులలోను వారికి మేస్త్రీ యెవ్వడు? వారి చేతులే. మన విద్యార్థులు లోకము చుట్టనక్కరలేదు. అల్మాస్‌గూడనుండి నాదర్‌గుల్, ఆదిభట్లల మీదుగా, గోలకొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్‌షా పేర వెలసిన ఇబ్రహీంపట్నపు పెద్ద చెరువు దాక పోవచ్చును. ఇరువది కిలోమీటర్లకు అటునిటుగా నుండును. వేకువనే బయలుదేరి, దారిలో నీరు త్రాగుచు, నిదానముగా పోయినను మూడు గంటలు చాలును. చెరువుగట్టుమీద భూగోళము, చరిత్ర రెండును ఒక్క పూటలో నేర్వవచ్చును.

నేను పాఠశాల కార్యనిర్వాహకులను కోరునవి మూడు. ఒకటి, వరండాలో ఒక బల్ల, ఒక పంపు, స్పానర్లు, స్పోకు తాళము, సొల్యూషను, నూనె ఉంచవలయును. వారమునకు ఒక గంట దానికి కేటాయింపవలయును. రెండు, నేర్పుటకు మన వీధి సైకిలు మేస్త్రీని పిలిచి, తగిన వేతనమిచ్చి, పిల్లలచే "సార్" అనిపింపవలయును. ఆతని కంటె బాగుగా ఆ విద్య మాలో ఎవ్వరికిని రాదు. అట్టి మేస్త్రీలు ఏటేట తగ్గుచున్నారు. వారితో ఆ విద్యయు పోవకముందే మన పిల్లలు దానిని అందుకొనవలయును. మూడు, చక్రము విప్పి, పంక్చరు వేసి, బ్రేకు సరిచేసి చూపిన విద్యార్థినే యాత్రకు తీసికొనిపోవలయును. సైకిలు లేనివారికై మేడమెట్ల క్రింద పడియున్న పాత బండ్లను ఇంటింట అడిగి తెచ్చి, పిల్లలచేతనే బాగుచేయింపవచ్చును.

తల్లిదండ్రులారా, ఈ సంవత్సరము మీ యింట మూలనున్న బండిని ఒకమారు వెలుపలికి తీసి చూడుడు. తుప్పు పైపై నున్నచో భయపడకుడు; ఉక్కు లోపల గట్టిగానే యుండును. దానిని మీ కుమారుని చేతికో, కుమార్తె చేతికో ఒక స్పానరుతో సహా ఇచ్చి బడికి పంపుడు. తక్కిన పని మాది.